బొబ్బిలి కోట నుంచి వాఘా గేటు దాకా

(2026 జనవరి 24న విజయనగరంలో ఒక గ్రంథాలయ సభలో విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

పెద్దలందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి బాబూ, జంపఖానా మీకోసమే పరిచారు.

ఈ రోజు జనవరి 24. 1757లో సరిగ్గా ఈ తేదీన బొబ్బిలి కోట కూలిపోయింది. నేను పుట్టింది బొబ్బిలి పక్క పల్లెలో, ఉద్యోగమంతా చేసింది ఈ ఊళ్లో. నా కూతుర్ని ఇచ్చింది కూడా ఇక్కడే. అందుకని ఆ యుద్ధం గురించి మాట్లాడితే నాకు రెండు పక్కలా అయినవాళ్లే కనిపిస్తారు.

చిన్నప్పుడు కోతలయ్యాక ఖాళీ మళ్లలో మేం బొబ్బిలి యుద్ధం ఆడుకునేవాళ్లం. తాటిమట్టలే కత్తులు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి వేషం కోసం అందరూ కొట్టుకునేవారు. విజయనగరం రాజు విజయరామరాజు వేషానికి మాత్రం ఒకణ్ణి బతిమాలాలి, ఆఖర్న చచ్చిపోవాలి కదా. ఫిరంగుల మోత నోటితో మోగించేవాళ్లం. ఆ ఫిరంగులు తెచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ దొర మా ఆటలో ఎప్పుడూ లేడు. అవి ఎవరివో, ఎందుకంత దూరం మోసుకొచ్చారో మేం ఒక్కనాడూ అడగలేదు. యాభై ఏళ్లు చరిత్ర చదివాక నాకు అర్థమైందేమిటంటే, మా ఆటలో లేని ఆ మనిషి గురించే ముందు అడగాల్సింది.

బొబ్బిలి, విజయనగరం రెండు సంస్థానాలకీ తగువుంది, నిజమే. ఏటి నీళ్లు ఎవరు మళ్లించుకున్నారు, ఎవరి మనుషులు ఎవరి పొలాల మీద పడ్డారు, ఎవరు గొప్ప. ఇలాంటి తగువులు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. రెండు తలకాయలు పగులుతాయి, పెద్దమనుషులు కూర్చుంటారు, ఒక తరం మాటలుండవు, ఆ తర్వాత ఎవరో సంబంధం కలుపుతారు. కోటలో ఉన్న ఆడవాళ్లనీ పసిపిల్లలనీ శత్రువు చేతికి చిక్కకుండా సొంతవాళ్లే చంపుకునేంత తగువు అందులో లేదు. మరి అంత దాకా ఎలా వచ్చింది?

హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ దగ్గర ఫ్రెంచి సైన్యం ఉండేది. దానికి జీతాలివ్వాలి. 1753లో ఆయన ఉత్తర సర్కారుల రాబడిని బుస్సీకి రాసిచ్చేశాడు. అందులో చికాకోలు సర్కారు ఒకటి. చికాకోలంటే మన శ్రీకాకుళమే. అంటే వంశధార ఒడ్డున, చంపావతి ఒడ్డున రైతు కట్టిన శిస్తు ఎక్కడో గోదావరి అవతల సిపాయి జీతంగా మారుతోంది. 1756 ఆఖర్న బుస్సీ బాకీలు వసూలు చేసుకుంటూ ఇటు బయల్దేరాడు. విజయరామరాజు ఆయనకి కావలసినవాడు. బొబ్బిలివాళ్లని అక్కణ్ణించి లేవదీసి వేరేచోట భూములిచ్చి పంపెయ్యమని రాజావారి సలహా. బొబ్బిలి రాజు రంగారావుకి అది చావుకన్నా అవమానం. ఈలోగా అడవి దారిలో బుస్సీ సిపాయిలు కొందరు చచ్చిపోయారు. బొబ్బిలివాళ్లే చంపారని బుస్సీని నమ్మించారు. ఆ పని చేయించింది బొబ్బిలివాళ్లు కాదేమోనన్న అనుమానం ఆ కాలపు కథనాల్లోనే ఉంది. తేల్చడానికి ఎవరూ ఆగలేదు. ఫిరంగులు కదిలాయి.

వరస చూడండి. ముందు నీళ్లు. తర్వాత పరువు. తర్వాత ఎవరు చంపారో తేలని శవాలు. ఆ తర్వాత ఫిరంగి. ఏ మెట్టుకామెట్టు చిన్నదే. ఎక్కేవాడికి ప్రతిసారీ ఇదొక్కటే ఆఖరిదనిపిస్తుంది.

2022 సెప్టెంబరులో బాల్టిక్ సముద్రం అడుగున నార్డ్ స్ట్రీమ్ గ్యాసు పైపులు పేలిపోయాయి. ఎవరు పేల్చారన్నది ఏళ్ల తరబడి దర్యాప్తుల్లో నలుగుతూనే ఉంది. అదే సముద్రంలో కేబుళ్లు తెగుతున్నాయి. పోయిన సెప్టెంబరులో రష్యా డ్రోన్లు పోలండ్ ఆకాశంలోకి వచ్చాయి. కావాలని వచ్చాయా, దారి తప్పాయా అని వాదించుకున్నారు. ఈ వార్తలు చదివినప్పుడల్లా నాకు ఆ అడవి దారే గుర్తొస్తుంది. నిజం నిదానంగా నడిచొస్తుంది, కోపం గుర్రం మీద వస్తుంది.

బొబ్బిలి తర్వాత జరిగింది మనం తక్కువ చెప్పుకుంటాం. నేను ఎక్కువ చెప్పదలచుకున్నది అదే.

కోట పడిన మూడో రాత్రికే విజయరామరాజు తన డేరాలో పాపారాయుడి చేతిలో పోయాడు. గద్దెకెక్కిన ఆనందగజపతి రాజుకి బుస్సీ దగ్గర మునుపటి మర్యాద దక్కలేదు. ఆ కోపంతో ఆయన విశాఖపట్నంలో ఫ్రెంచివాళ్ల మీద తిరగబడి, రండి ఈ సర్కారులు మీకిప్పిస్తాను, సైన్యం ఖర్చు నేను పెట్టుకుంటానని ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు. బెంగాల్ నుంచి క్లైవు కల్నల్ ఫోర్డుని పంపాడు. అప్పటికి ఐరోపాలో ఏడేళ్ల యుద్ధం జరుగుతోంది, 1756లో మొదలై 1763లో ముగిసింది. అక్కడ ఫ్రెంచి, ఇంగ్లీషు రాజ్యాలు కొట్టుకుంటుంటే ఇక్కడ 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర మన పొలాల్లో ఆ రెండు జెండాల కిందా మనవాళ్లే చచ్చారు. మరుసటి ఏడు మచిలీపట్నం ఇంగ్లీషువాళ్ల వశమైంది. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతో సర్కారులు ఈస్టిండియా కంపెనీ పేరున రాయించుకున్నారు.

1794 జులై 10న పద్మనాభం కొండ దగ్గర ఇదే విజయనగరం గద్దె మీద కూర్చున్న చిన్న విజయరామరాజుని కంపెనీ సైన్యం కాల్చి చంపింది. ఎందుకు? పేష్కషు బాకీ, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం. రాజ్యం వదిలి, భరణం తీసుకుని మచిలీపట్నంలో ఉండమన్నారు. ఆయన పోనన్నాడు. పద్మనాభం మీలో చాలామంది చూసే ఉంటారు, ఇక్కణ్ణించి గంటలో వెళ్లి రావచ్చు. 1757లో పక్కవాడి కోట కూల్చడానికి బయటివాడి ఫిరంగి తెచ్చుకున్న ఇంటికే 37 ఏళ్లలో ఇంకో బయటివాడి ఫిరంగి వచ్చింది. కబురు పెట్టి పిలిచింది మనమే, ఖర్చు పెట్టుకుంటామన్నదీ మనమే.

ఈ కథ వంశాలను చిన్నబుచ్చడానికి చెప్పట్లేదు. రెండు పక్కలా వీరులున్నారు, వాళ్లకి చేతులెత్తి మొక్కుతాను. నేను అడిగేది ఒక్కటే: పక్కింటి తగువు ఏ రోజు నుంచి పక్కింటి తగువు కాకుండా పోయింది? బుస్సీ జీతాల అవసరం, ఐరోపా రాజుల పంతం, మన ఏటి నీళ్లు ఈ మూడూ ఒక తాడుగా పేనుకున్న రోజు. ఆ తర్వాత బొబ్బిలివాడు రాజీకొచ్చినా, విజయనగరం రాజు మనసు మార్చుకున్నా ఫిరంగి వెనక్కి తిరిగేది కాదు. దాన్ని లాక్కొచ్చిన లెక్క వేరు.

ఇవాళ కూడా ఎక్కడ చూసినా అదే పేనుడు. యుక్రెయిన్ నేల మీద రష్యా దాడి, దాని వెనక పెద్ద దేశాల ఆయుధాలు, ఉత్తర కొరియా సైనికులు. పోయిన జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ 12 రోజులు కొట్టుకున్నాయి, మధ్యలో అమెరికా బాంబర్లు దిగాయి, ఇరాన్ ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద క్షిపణులేసింది. ఆ రాత్రి మా వీధిలో ఒకమ్మ నిద్రపోలేదు. ఆవిడది ఉద్దానం, కొడుకు దోహాలో వెల్డింగు పని. విమానాలు ఆగిపోయాయి, ఫోను కలవట్లేదు. ఖతార్ ఎక్కడుందో పటంలో చూపించమని మా ఇంటికొచ్చింది. చూపించాను. "ఇంత చిన్నదా మాస్టారూ" అంది. ఆవిడ ముందు మాట్లాడలేకపోయాను.

స్టాక్‌హోం పరిశోధన సంస్థ సిప్రి లెక్క ప్రకారం 2024లో ప్రపంచ దేశాలు సైన్యాల మీద పెట్టిన ఖర్చు 2 లక్షల 71 వేల కోట్ల డాలర్లు దాటింది. ఒక్క ఏడాదిలో 9.4 శాతం పెరిగింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఇంత పెరుగుదల లేదు. బుస్సీ సైన్యంలాగే ఏ సైన్యానికైనా జీతం కావాలి, ఏ కర్మాగారానికైనా ఆర్డర్లు కావాలి.

(ప్రసంగీకులు జేబులోంచి ఒక ఇత్తడి బిళ్ల తీసి చూపించారు.)

ఇది మా తాతది. మన వైపు వాళ్లకి రంగం అంటే తెలుస్తుంది, బర్మాలో రంగూన్. వానలు లేని ఏళ్లలో మన పల్లెలు సగం అక్కడికే పోయేవి. మా తాత అక్కడ బియ్యం మిల్లులో మూటలు మోసేవాడు. ఇది ఆ మిల్లు బిళ్ల. అంచు అరిగిపోయింది గానీ నంబరు చేతికి తగులుతుంది, పట్టుకుని చూడండి. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగం మీద బాంబులేశాయి. మార్చికల్లా ఊరు వాళ్ల వశమైంది. మనవాళ్లు లక్షల మంది నడక మొదలెట్టారు. మా తాతా, ఆయన తమ్ముడూ ప్రోం దాకా పోయి, అరకాన్ కొండలెక్కి, సముద్రం ఒడ్డుకి దిగి, పడవల మీద చిట్టగాంగ్ చేరే దారి పట్టారు. తమ్ముడు కొండల్లోనే కలరాతో పోయాడు. పూడ్చడానికి పార లేదని, రాళ్లు పేర్చి వచ్చానని తాత చెప్పేవాడు. ఆయన ఊరు చేరేసరికి ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి, జనం మూటలు కట్టుకుని విశాఖ వదిలి ఇటే వస్తున్నారు. రంగం నుంచి పారిపోయి వచ్చిన మనిషికి సొంత ఊళ్లో మళ్లీ అదే గుంపు ఎదురైంది.

ఆ నడకలో ఎంతమంది పోయారు? పుస్తకానికొక అంచనా. మిల్లులో మా తాతకొక నంబరుంది. కొండల్లో పోయిన చినతాతకి ఏ కాగితంలోనూ నంబరు లేదు.

మనది కళింగం కదా, ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. అశోకుడు తన పదమూడో శాసనంలో కళింగ యుద్ధంలో లక్ష మంది చచ్చారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, అంతకు ఎన్నో రెట్లు ఆ తర్వాత పోయారని చెక్కించాడు. ఆ శాసనం కళింగంలో లేదు. ధౌలిలో, జౌగడలో మిగతా శాసనాలున్నాయి, అది మాత్రం చెక్కించలేదు. మన లక్ష మంది లెక్క రాతి మీద చూడాలని నేను కర్నూలు జిల్లా ఎర్రగుడి దాకా వెళ్లాను. ఎండలో ఆ బండ ముందు చాలాసేపు కూర్చున్నాను.

సరే, 1914కి, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాదికి వద్దాం. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ ఉద్రిక్తత పెరిగినా అందరూ తీసే పోలిక అదే గదా. జూన్ 28న సరాయెవోలో ఆస్ట్రియా యువరాజుని చంపారు. తర్వాత దాదాపు నెల రోజులు ఏమీ జరగలేదు, రాజులు సెలవులకెళ్లారు. ఆ నెలని వదిలేసి ఆఖరి రెండు రాత్రులు చూడండి.

జులై 29 రాత్రి. రష్యా జారు నికొలస్ మొత్తం సైన్యాన్ని కదపమని ఇచ్చిన ఉత్తర్వు తంతి కార్యాలయానికి చేరింది. ఇంతలో జర్మనీ కైజరు నుంచి తంతి వచ్చింది. వాళ్లిద్దరూ బంధువులు, ఒకరినొకరు ముద్దుపేర్లతో పిలుచుకుంటూ ఇంగ్లీషులో తంతులు పంపుకునేవారు. జారు మనసు కరిగి ఉత్తర్వు ఆపించాడు, సగం సైన్యం చాలన్నాడు. మరుసటి రోజు మధ్యాహ్నం మంత్రీ, సేనానులూ కలిసి సగం కదిపితే రైళ్ల ఏర్పాటంతా చెడిపోతుందని, తర్వాత మొత్తం కదపడం కుదరదని ఒప్పించారు. ఉత్తర్వు మళ్లీ వెళ్లింది.

ఆగస్టు 1 సాయంత్రం, బెర్లిన్. ఫ్రాన్సుని కదలకుండా ఇంగ్లండు చూసుకోవచ్చని లండన్ నుంచి ఒక కబురు. కైజరు సంబరపడి, అయితే పడమటికొద్దు, సైన్యమంతా తూర్పుకే పంపమన్నాడు. సేనాధిపతి మోల్కే కుదరదన్నాడు. ఏళ్ల తరబడి గీసిన రైళ్ల ప్రణాళిక, పదకొండు వేల రైళ్లు, ఇప్పుడు తిప్పితే మిగిలేది సైన్యం కాదు గుంపు అన్నాడు. తిప్పడం సాధ్యమేనని తర్వాత జర్మన్ రైల్వే విభాగం సేనాని ఒకాయనే లెక్కలు వేసి చూపించాడు. కానీ ఆ రాత్రి రాజు మాట కన్నా పట్టిక మాట నెగ్గింది. ఆ యుద్ధానికి మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రాలు దాటి వెళ్లారు, 74 వేల మంది తిరిగి రాలేదు.

ఆ రాజులకి రైళ్లు నడిచేంత సమయం ఉంది, రోజులు. ఇప్పుడెంత ఉంది? 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి, పాకిస్తాన్ లోపల వంద కిలోమీటర్లకు పైగా వెళ్లి మియాఁ చన్నూ దగ్గర పడింది. గాల్లో ఉన్నది నిమిషాలే. అందులో బాంబు లేదు, ఎవరూ చావలేదు, అవతలివాళ్లు చూసి ఊరుకున్నారు. మన ప్రభుత్వం పొరపాటని ఒప్పుకుంది, ముగ్గురు అధికారుల్ని తీసేసింది. అది ఒక మామూలు బుధవారం జరిగింది. అదే పోయిన మే 9 రాత్రి, రెండు దేశాలూ కొట్టుకుంటున్నప్పుడు జరిగుంటే ఊరుకునేవారా?

అందుకే 1914 వచ్చేసిందా, 1938 వచ్చేసిందా అని టీవీల్లో వాదించుకుంటుంటే నాకు తృప్తిగా ఉండదు. లొంగితే నెత్తికెక్కుతారు అనదలచుకున్నవాడు 1938లో హిట్లరుకి తలొగ్గిన మ్యూనిక్ ఒప్పందం తీస్తాడు. తొందరపడొద్దు అనదలచుకున్నవాడు సరాయెవో తీస్తాడు. ఏం చెయ్యాలో ముందే అనుకుని, దానికి సరిపోయే పోలిక వెతుక్కుంటున్నారు. 1956లో ఈజిప్టు నాసరు సూయజ్ కాలువని జాతీయం చేస్తే బ్రిటిష్ ప్రధాని ఈడెన్ ఆయనలో పాత నియంతల్నే చూశాడు, దండెత్తాడు, పరువు పోగొట్టుకుని వెనక్కొచ్చాడు. అలాగని మ్యూనిక్ పాఠం అబద్ధమా? కాదు. యుక్రెయిన్ రైతు పొలంలోకి టాంకు వస్తే సర్దుకోమని చెప్పే హక్కు నాకు లేదు. బొబ్బిలివాళ్లకి చెప్పగలనా?

నేను పోల్చేది ఇంకోటి. దిగడానికి మెట్టు ఉంచుకున్నారా లేదా? ఆగమని చెప్పగల మనిషి ఆ గదిలో ఉన్నాడా?

1962 అక్టోబరులో ఒకే వారంలో రెండు జరిగాయి. 16న క్యూబాలో సోవియట్ క్షిపణుల ఫొటోలు కెనడీ బల్ల మీదకొచ్చాయి. 20న చైనా మన సరిహద్దు మీద పడింది. ప్రపంచం క్యూబా వైపు చూస్తుంటే మన జవాన్లు చాలీచాలని బట్టలతో మంచులో పోరాడారు. క్యూబా దగ్గర 27న సముద్రం అడుగున ఒక సోవియట్ జలాంతర్గామి, లోపల అణు టార్పెడో, పైన అమెరికా ఓడలు విసిరే పేలుళ్లు. లోపల ఎండకన్నా వేడి, మాస్కోతో సంబంధం లేదు. పైన యుద్ధం మొదలైపోయిందేమో తెలీదు. కెప్టెన్ టార్పెడో సిద్ధం చెయ్యమన్నాడు. వాసిలీ అర్ఖిపోవ్ అనే అధికారి ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకుని ఉంటే మనం ఇక్కడ కూర్చుని ఉండేవాళ్లమో లేదో.

పైన కెనడీకి 1914 చరిత్ర బాగా తెలుసు, మనసులో అదే తిరుగుతోంది. సోవియట్ అధినేత క్రుశ్చేవ్ దిగిరావడానికి కెనడీయే ఒక మెట్టు వేశాడు. క్యూబా మీద దండెత్తబోమని బహిరంగంగా మాటిచ్చాడు, టర్కీలోని తమ క్షిపణులు తీసేస్తామని రహస్యంగా చెప్పాడు. మరుసటి ఏడాది మాస్కోకీ వాషింగ్టన్‌కీ మధ్య నేరుగా తంతి లైను వేసుకున్నారు. తర్వాత దశాబ్దాల పాటు ఒప్పందాలు. వాటిలో మిగిలిన పెద్దది 2010లో కుదిరిన న్యూ స్టార్ట్, మోహరించే అణు వార్‌హెడ్లు ఒక్కొక్కరికి 1,550 దాటకూడదని. దాని గడువు 2026 ఫిబ్రవరి 5. ఇంకో పన్నెండు రోజులు. మన పేపర్లలో ఎక్కడైనా మొదటి పేజీలో చూశారా?

(సభలోంచి ఒక యువకుడు: "మాస్టారూ, నేను ఆర్మీకి ప్రిపేర్ అవుతున్నాను. వాళ్లొచ్చి మనవాళ్లని చంపితే మెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోమంటారా?")

కూర్చో బాబూ, మంచి ప్రశ్న. పొద్దున్నే చీకట్లో మైదానంలో పరుగెత్తే పిల్లల్ని రోజూ చూస్తాను, నువ్వూ వాళ్లలో ఉండే ఉంటావు. పహల్గాంలో పోయిన ఏప్రిల్ 22న 26 మందిని చంపారు. ఒకాయన మన విశాఖవాడు, ఇంకొకాయన కావలివాడు. ఆ ఇళ్లకి వెళ్లి ఓర్చుకోండమ్మా అనడానికి నాకు నోరు రాదు. కొట్టొద్దని నేననలేదు.

మే 7న మన సైన్యం దాడి చేసిన పొద్దుటే చెప్పింది, ఉగ్రవాద స్థావరాల మీదే కొట్టాం, పాకిస్తాన్ సైనిక స్థావరాల జోలికి పోలేదు, పెంచే ఉద్దేశం లేదని. అది దిగడానికి మెట్టు ఉంచుకోవడం. అయినా మూడు రోజుల్లో డ్రోన్లు, క్షిపణులు, వైమానిక స్థావరాల దాకా వెళ్లింది. మన సత్యసాయి జిల్లా కుర్రాడొకడు సరిహద్దులో ప్రాణం ఇచ్చాడు, ఇంచుమించు నీ వయసువాడే. మే 10 మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలకి అక్కడి డీజీఎంవో, అంటే సైనిక చర్యల్ని నడిపే పెద్ద అధికారి, మన డీజీఎంవోకి ఫోన్ చేశాడు. 5 గంటలకి కాల్పులు ఆపాలనుకున్నారు. ఎవరి వల్ల ఆగిందన్న వాదన ఇంకా నడుస్తోంది, అది నడవనీ. నేను చూసేది ఆ ఫోను వైపు. 1971 యుద్ధం తర్వాత వేసిన లైను అది. క్షిపణులు ఎగురుతున్నా ఎవరూ దాన్ని తెంచలేదు. ఇవతల ఫోనెత్తిన మనిషి నువ్వు వేసుకోబోయే యూనిఫామే వేసుకున్నాడు బాబూ. అది కూడా సైనికుడి పనే.

చైనా సరిహద్దు గల్వాన్‌లో 2020 జూన్ 15న మనవాళ్లు 20 మంది పోయారు, సూర్యాపేట కల్నల్ ముందు నిలబడి పోయాడు. రాళ్లు, మేకులు కొట్టిన కర్రలు. ఇరువైపులా తుపాకులు పేలలేదు. వాస్తవాధీన రేఖకి రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని 1996లో రాసుకున్న కాగితం ఉంది. అంత కసిలోనూ ఆ కాగితం పట్టుకుంది. పేలి ఉంటే ఇరవైతో ఆగేదా?

ఇంకొక్క సంగతి చెప్పి దిగిపోతాను. మన సముద్రం వైపు వద్దాం.

శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద పడవలు ఆగే చోటు లేక మన మత్స్యకారులు గుజరాత్ వెరావల్ పోతారు, నెల జీతానికి, పడవ నడిపే ఒక తండేలు కింద జట్టుగా. 2018 నవంబరు ఆఖర్న ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం, ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లున్న పడవల్ని పాకిస్తాన్ నౌకలు పట్టుకుపోయాయి. సముద్రంలో గీత కనపడదు. ఆ మూల సర్ క్రీక్ దగ్గర గీత ఎక్కడన్నది రెండు దేశాలకీ ఈనాటికీ తేలలేదు. వాళ్లని కరాచీ జైల్లో పెట్టారు.

మూడు నెలలు తిరక్కుండా పుల్వామా జరిగింది. పన్నెండో రోజున బాలాకోట్. టీవీల్లో యుద్ధం, యుద్ధం అని కేకలు. ఆ ఇళ్లలోనూ టీవీలున్నాయి. అందరిలాగే వాళ్లకీ పుల్వామా జవాన్ల కోసం కడుపు మండింది. మొగుడు మాత్రం అవతలి జైల్లో ఉన్నాడు. రెండూ ఒకే గుండెలో పెట్టుకుని ఆ ఆడవాళ్లు కలెక్టరు ఆఫీసుకి, నాయకుల ఇళ్లకి కాగితాలు పట్టుకుని తిరిగారు.

2020 జనవరి 6న వాఘా గేటు దగ్గర 20 మందిని మనవాళ్లకి అప్పగించారు. పదమూడు నెలలకు పైగా. ఎలా వచ్చారు? నాయకులు అడిగారు, అధికారులు తిరిగారు, అన్నీ నిజమే. వాటన్నిటి కింద ఒక జాబితా ఉంది. 2008లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశం ఖైదీల పేర్లు, మత్స్యకారుల పేర్లు రాసి ఇచ్చుకోవాలి. ఎవరి అణు కేంద్రాలెక్కడున్నాయో ఆ జాబితా కూడా 1992 నుంచి ప్రతి జనవరి 1న మార్చుకుంటారు, వాటి మీద దాడి చెయ్యకూడదని. కార్గిల్ వచ్చింది, పుల్వామా వచ్చింది, అణు కేంద్రాల జాబితా ఆగలేదు. పోయిన మేలో అంత జరిగాక కూడా జులై 1న ఖైదీల పేర్లిచ్చుకున్నారు. డి.మత్స్యలేశం మనిషి పేరు ఆ కాగితం మీద ఉంది కాబట్టి అతను లేడని ఎవరూ అనలేకపోయారు.

మా చినతాత పేరు ఏ కాగితం మీదా లేదు.

అందుకే ఈ గ్రంథాలయం వాళ్లని ఒక పుస్తకం అడిగాను, తెల్ల కాగితాల పుస్తకం, అదిగో బల్ల మీద పెట్టారు. మీ ఇళ్లలో రంగం నుంచి నడిచొచ్చినవాళ్లు, దారిలో పోయినవాళ్లు, విశాఖ బాంబులకి ఊరొదిలినవాళ్లు, 62లో, 71లో, కార్గిల్‌లో పోయినవాళ్లు, ఇప్పుడు గల్ఫులో యుద్ధం మధ్య చిక్కుకున్నవాళ్లు, ఎవరున్నా పేరు, ఊరు, ఏడాది రాయండి. రాయడం రానివాళ్లు చెప్తే నేను రాస్తాను. మొదటి పేజీలో మా చినతాత పేరు రాశాను. ప్రతి ఆదివారం పది గంటలకి ఇక్కడే ఉంటాను. ముసలివాళ్లని ఎవరైనా తీసుకొస్తామంటే ముందు చెప్పండి, మేడ మెట్లు ఎక్కలేకపోతే కింద వరండాలో కుర్చీలు వేయిస్తాను.